ఉడుకు నీళ్ళూ, సొంత విత్తనమూ

సావనీరుకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు నేను కవిత ఇస్తాననుకున్నారు. నాకు కవిత్వం రాదు. నాకు తెలిసినవి రెండే. ఒకటి బి.ఎస్సీ. పాఠ్యపుస్తకాలు, రెండు మంథని దగ్గర మాకున్న మూడెకరాల పొలం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడ్డ చోట జరిగిన సంగతి వ్రాస్తాను. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు. మా ఊళ్ళో ఇప్పటికే నవ్వారు.

2024 వానాకాలం. మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి ఇంటికి పోయాను. తుకం పోసే రోజులు. మా బాపు జగిత్యాల సన్నాల విత్తనం ఏళ్ళ తరబడి సొంతంగా నిలుపుకుంటూ వచ్చాడు. పొలంలో ఏ మూల కంకి బరువుగా, రోగం లేకుండా ఉంటుందో ఆ మూల వేరుగా కోసి, వేరుగా కొట్టి, వేరుగా ఎండబోసి దాచేవాడు. నానబెట్టేటప్పుడు మాత్రం దుకాణం నుంచి తెచ్చిన పొడిమందు నీళ్ళలో కలిపేవాడు. ఆ కలిపే పని అవ్వది, వట్టి చేతులతో. నేను లైబ్రరీలో చదివి వచ్చిన కొత్త. "పొడి వద్దు బాపూ, విత్తనాన్ని అరవై డిగ్రీల ఉడుకునీళ్ళల్ల పది నిమిషాలు ఉంచితే చాలు, గింజను పట్టుకొని వచ్చే రోగాలు చస్తయి, జపాన్‌ల గట్లనే చేస్తరు" అని చెప్పాను.

"ఉత్త నీళ్ళతోని ఏమైతదిరా?" అన్నాడు బాపు. అయినా కాదనలేదు. కొడుకు సైన్సు చదువుతున్నాడు గదా!

అవ్వ కాగు పొయ్యి మీద పెట్టింది. థర్మామీటరు లేదు. చెయ్యి ముంచి, ఓర్చుకోలేక తీస్తే అదే అరవై అనుకున్నాను. పది కిలోల వడ్లు సంచిలో బిగ్గరగా కట్టి ముంచాను. నీళ్ళు చల్లబడ్డట్టు అనిపించి పొయ్యి ఎగదోశాను. పది నిమిషాలకు తీశాను. మిగతా సంచులకూ అంతే. నానబెట్టి మండె కట్టాం.

మండె విప్పినప్పుడు వచ్చే వాసన రైతుబిడ్డలందరికీ తెలుసు. వెచ్చగా, తియ్యగా, పచ్చిగా ఉంటుంది. ఆ రోజు గంజి పులిసిన వాసన వచ్చింది. అక్కడొకటి ఇక్కడొకటి మొలక. అవ్వ పిడికెడు తీసి వేళ్ళమధ్య నలిపి చూసింది. "కొడుకా, ఇది ఇత్తునం కాదురా, ఉప్పుడు వడ్లు" అన్నది.

శాస్త్రీయంగా కూడా ఆమె చెప్పిందే సరి. వడ్లను తడిపి వేడి పట్టించడమే కదా మన జిల్లా మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి చేసే పని! అప్పటినుంచి ఊళ్ళో నా పేరు "ఉప్పుడు మిల్లు".

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది. మర్నాడు మంథని పోయి ఉద్దెరకు వేరే రకం విత్తనం తెచ్చాడు. పోయింది డెబ్బయి అయిదు కిలోల వడ్లు మాత్రమే అయితే నేను ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాదు. ప్రతి ఏడూ ఏరి ఏరి నిలిపిన వరుస నా చేతిలో తెగింది.

కాలేజీకి తిరిగివచ్చాక, పుస్తకం అబద్ధం చెప్పిందా, నేను తప్పు చదివానా అని మళ్ళీ మొదటినుంచి చూశాను. పుస్తకం అబద్ధం చెప్పలేదు. సంగతి ఏమిటంటే, గింజను ఆశ్రయించిన శిలీంధ్రం చచ్చే వేడికీ, గింజలోని మొలక చచ్చే వేడికీ మధ్య సందు చాలా ఇరుకు. పని అంతా ఆ సందులో జరగాలి. కొన్ని డిగ్రీలు తగ్గితే రోగం బతుకుతుంది, కొన్ని డిగ్రీలు పెరిగితే విత్తనం చస్తుంది. మన చెయ్యి యాభై అయిదుకూ అరవై అయిదుకూ తేడా చెప్పలేదు, రెండూ కాలుతాయి అని మాత్రమే చెబుతుంది.

రెండో తప్పు లెక్కలో ఉంది. ఫిజిక్సు అధ్యాపకులు క్షమించాలి, ఇది ఇంటర్మీడియట్ లెక్కే. వడ్ల విశిష్టోష్ణం నీటిదానిలో సుమారు నాలుగు పదోవంతులనుకుందాం. 62 డిగ్రీల నీళ్ళు ముప్పై లీటర్లలో 30 డిగ్రీల వడ్లు పది కిలోలు వేస్తే, రెండూ కలిసి దాదాపు 58 దగ్గర ఆగుతాయి. నాలుగు డిగ్రీలు పోయాయి. అదే నీళ్ళు నలభై లీటర్లు, వడ్లు నాలుగు కిలోలు అయితే పోయేది డిగ్రీ పైన కొంచెం, అంతే. గింజకు పదింతలు నీళ్ళుండాలన్న మాట ఇందుకే. నేను మూడింతలు పోసి, చల్లబడిందని మంట పెంచాను. బిగ్గరగా కట్టిన సంచిలో నడుమ గింజకు వేడి తగలలేదు, కాగు అడుగుకు ఆనినది ఉడికింది. పలుచని వల సంచిలో వదులుగా కట్టి, నీళ్ళలో కదుపుతూ ఉండాలి. పది నిమిషాలు కాగానే వెంటనే చన్నీళ్ళలో ముంచాలి. నేను పొయ్యి పక్కన గట్టు మీద ఆరబెట్టాను. గింజ లోపలి వేడి తన పని తాను చేస్తూనే ఉంది.

ఇవన్నీ ఎప్పుడో తెలిసిన సంగతులు. డెన్మార్కు దేశస్థుడు జెన్సెన్ 1880లలోనే బార్లీ, ఓట్సు పంటలకు పట్టే కాటుక తెగులుకు వేడినీటి శుద్ధి కనిపెట్టాడు. మన ఉపఖండంలో దీనికి ఇంకా చక్కని కథ ఉంది. గోధుమ కాటుక తెగులు గింజ పైన ఉండదు, లోపల మొలకలోనే దాక్కుంటుంది. పైన పూసే మందులు దాన్ని ఏమీ చెయ్యలేకపోయేవి. అప్పటి పంజాబులోని లయాల్‌పూర్‌లో (ఇప్పుడది పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్) లూథ్రా, సత్తార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1934లో ఒక పద్ధతి ప్రకటించారు. మే, జూన్ నెలల్లో పొద్దున నాలుగు గంటలు గోధుమలు చన్నీళ్ళలో నానబెట్టాలి, మధ్యాహ్నం నాలుగు గంటలు ఎర్రటి ఎండలో పలుచగా ఆరబోయాలి. నానితే నిద్రపోతున్న శిలీంధ్రం మేలుకుంటుంది, మేలుకున్నదాన్ని ఎండ చంపుతుంది. పొయ్యి లేదు, కట్టెలు లేవు, థర్మామీటరు లేదు. పంజాబు రైతు దగ్గర ఏమి ఉందో చూసి, దానితోనే చేశారు. నాకు ఈ ఇద్దరి మీద ఉన్నంత గౌరవం పెద్ద పెద్ద బహుమతులు పొందినవారి మీద కూడా లేదు. రామగుండం, మంథని ఎండలు లయాల్‌పూర్ ఎండలకు ఏమీ తీసిపోవు. వరికి కూడా ఇటువంటి ఎండ పద్ధతి కుదురుతుందా అని ఇక్కడి ఎండలోనే పరీక్షించి చూడవలసిన పని. ప్రశ్నగానే పెడుతున్నాను, ఎవరూ నన్ను నమ్మి ఎండబోయవద్దు. ఒకసారి చాలు.

వరికి ఈ శుద్ధి ఎందుకు కావాలో కూడా చెప్పాలి. నారుమడిలో కొన్ని మొక్కలు పక్కవాటికంటె సన్నగా, పాలిపోయి, ఎత్తుగా పెరిగి, చివరకు చావడమో తాలు కంకి వెయ్యడమో జరుగుతుంది. జపానువారు దీన్ని 'బకనే' అంటారు, తెలివితక్కువ మొక్క అని అర్థం. అది ఫ్యుజేరియం జాతి శిలీంధ్రం పని, గింజతోనే వస్తుంది. 1926లో కురొసావా అనే శాస్త్రజ్ఞుడు తైవాన్‌లో దీన్ని పరిశీలించి, ఆ శిలీంధ్రం వదిలే ఏదో పదార్థం వల్లనే మొక్క అలా సాగుతున్నదని చూపాడు. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? కరీంనగర్ జిల్లా రైతుబిడ్డలెవరైనా వినే ఉంటారు. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి మన పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలు దేశంలో పేరుపడ్డాయి. ఆ ఆడ, మగ వరి పొలాల్లో ఆడ వరుసల కంకి పొట్టాకులోంచి పూర్తిగా బయటికి రాదు. వచ్చేందుకు పిచికారీ చేసేది ఈ జిబ్బరెల్లిక్ ఆమ్లమే. తర్వాత పూత వేళకు తాడు పట్టుకొని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాగుతూ పుప్పొడి రాల్చడం మా పక్క పొలాల్లో నేను కూలికి పోయి చేసిన పనే. ఒకే పదార్థం నారుమడిలో రోగమై వస్తుంది, పక్క మడిలో డబ్బిచ్చి కొన్న మందై వస్తుంది. మా జీవశాస్త్రం పాఠంలో జిబ్బరెల్లిన్ మీద పేజీన్నర ఉంది. అందులో మన జిల్లా పేరు లేదు. ఉంటే నేను ఆ పాఠం ఇంకొంచెం శ్రద్ధగా చదివేవాణ్ణి.

బకనే ఒక్కటే కాదు. అగ్గి తెగులు, గోధుమరంగు మచ్చ తెగులు కూడా గింజతో రావచ్చు. ఆకు కొన తెల్లబడే ఒక రోగానికి కారణమైన నులిపురుగు వడ్ల పొట్టు కింద ఎండిపోయి, నెలల తరబడి నిద్రపోయి, నానబెట్టగానే లేస్తుంది. వీటిపైన వేడినీళ్ళకు పట్టు ఉంది. పొలంలో గాలితో, నీళ్ళతో, పక్క మడి నుంచి వచ్చే రోగం మీద ఏ పట్టూ లేదు. 2021లో మన రాష్ట్రంలో మిరప తోటలను నాశనం చేసిన నల్ల తామరపురుగు విత్తనంతో వచ్చింది కాదు, దానికి మిరప గింజను ఎంత ఉడకబెట్టినా లాభం లేదు. సేంద్రియ వ్యవసాయం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు కొందరు ఈ తేడా చెప్పరు. "వేడినీళ్ళు పోస్తే చాలు" అని చెప్పి కారెక్కి పోతారు. ఏ పంటకు ఎంత వేడి, ఎంతసేపు అన్నది చెప్పకపోవడం రైతును మోసగించడమే. మిరపకు 51, 52 డిగ్రీల దగ్గర అరగంట, టమాటకు, క్యాబేజీకి 50 డిగ్రీల దగ్గర ఇరవై అయిదు నిమిషాలు. చిక్కుడు, బఠానీ, గుమ్మడి వంటి పెద్ద గింజలకు ఈ పద్ధతి అసలే పనికిరాదు, పగిలి పాడవుతాయి. పాతబడ్డ, బలం లేని విత్తనం ఏదైనా ఈ వేడి తట్టుకోదు.

ఇక పొడి పక్షాన మాట్లాడేవారు నాకు ఒక ప్రశ్న వేస్తారు. మా అధ్యాపకులొకరు కూడా వేశారు. "కిలోకు గ్రాము కార్బండజిమ్, లీటరు నీళ్ళు, ఒక దినం నానబెడితే పని అయిపోతుంది. నీకెందుకయ్యా ఈ పొయ్యి, కాగు?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే, పొట్లం ఖరీదు కూడా పెద్దది కాదు. కాని యూరపు దేశాల్లో ఆ మందుకు అనుమతి 2014లో ముగిసింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో నిషేధించాలని ముసాయిదా వెలువరించిన 27 మందులలో అదీ ఒకటి. తుది నిషేధపు జాబితాలో చేరలేదు, ఇప్పటికీ అమ్ముతున్నారు. పైగా ఏళ్ళ తరబడి ఒకే మందు వాడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది. జపానులో ఈ కుటుంబానికే చెందిన బెనోమిల్‌కు లొంగని బకనే పుట్టుకొచ్చింది. వేడి దెబ్బకు అలా అలవాటు పడడం శిలీంధ్రానికి అంత సులభం కాదు. వీటన్నిటికంటె నాకు ముఖ్యమైనది మా అవ్వ చేతులు. నానబెట్టిన నీళ్ళు వంపేది మా కొట్టం వెనకాల కాలువలోకి. అదే కాలువలో బర్లు తాగుతాయి.

యాసంగికి మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి కెమిస్ట్రీ లాబు నుంచి థర్మామీటరు అడిగి తీసుకున్నాను. పాదరసం ఉన్నది ఇవ్వబోయి ల్యాబ్ అసిస్టెంటు గారు ఆగారు. "ఇది వడ్లలో పగిలితే మీ రోగాలన్నిటికంటె పెద్ద రోగం" అని, ఎర్ర స్పిరిటు ఉన్నది ఇచ్చారు. ఇలాంటి మాటలు పుస్తకంలో ఉండవు. విత్తనం కాటారంలో మా మేనత్త ఇంట్లో దొరికింది. మూడేళ్ళ కింద బాపు దగ్గర తీసుకుపోయిన సన్నాలే వాళ్ళు నిలుపుకున్నారట. తెగిందనుకున్న వరుస మేనత్త గుమ్మిలో బతికే ఉంది! బాపు ఆ బస్తా మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత నావైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు.

అందుకని ముందు బస్తా ముట్టుకోలేదు. నూరు గింజలు పొట్లం కట్టి ముంచి, తడిగుడ్డలో చుట్టి పెట్టాను. వేడి తగలని నూరు గింజలు మరో గుడ్డలో. అయిదో రోజు అవ్వే లెక్కపెట్టింది. రెంటికీ తేడా మూడు గింజలు. ధ్రువీకరించిన వరి విత్తనానికి మొలక శాతం కనీసం 80 ఉండాలని ప్రభుత్వ నియమం. మావి రెండూ దానికి పైనే. అప్పుడు నాలుగేసి కిలోలు, నలభై లీటర్లు, పక్కన చన్నీళ్ళ గాబు. మండె విప్పినప్పుడు ఆ పాత వాసన వచ్చింది. పంటకు రోగం తగ్గిందా అని మీరడగవచ్చు. పక్కనే పోల్చుకునేందుకు శుద్ధి చెయ్యని మడి వదలలేదు, కాబట్టి తగ్గిందని నేను చెప్పను. విత్తనం చావలేదు, అవ్వ పొడి ముట్టలేదు. ఇంతవరకే చెప్పగలను.

అయితే ఆ రోజు పొద్దున మొదలుపెట్టిన పని పొద్దుగూకే దాకా సాగింది. ఎకరానికి ఇరవై అయిదు కిలోలంటే ఆరేడు విడతలు. ప్రతి విడతకూ మంట సరిచూడాలి, నీళ్ళు మళ్ళీ వేడెక్కాలి. మూడెకరాలకు ముగ్గురం ఒక దినం పొయ్యి ముందు కూర్చున్నాం. పదెకరాల రైతు ఈ పని చెయ్యడు. చెయ్యమని చెప్పడానికి నాకు మొఖం కూడా లేదు. జపానులో చిన్న రైతు తన ఇంట్లో కాగు పెట్టుకోనక్కరలేదు. సహకార సంఘాలు పెద్ద తొట్టె యంత్రాలు పెట్టి, విత్తనం శుద్ధి చేసి ఇస్తాయి.

మన రాష్ట్రంలో 2020, 21 సంవత్సరాలలో అయిదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,600కు పైగా రైతువేదికలు కట్టారు. మా దగ్గరి వేదికలో కుర్చీలున్నాయి, మైకున్నది. ఒక తొట్టె, ఒక హీటరు, ఒక థర్మోస్టాటు ఎందుకు ఉండరాదు? స్నానాల గదిలో గీజరుకు ఉన్నంత తెలివి చాలు దానికి. మంథనికి కూతవేటు దూరంలో సింగరేణి బొగ్గు తవ్వుతున్నారు, రామగుండం బాయిలర్లలో ఆవిరి అయిదువందల డిగ్రీలు దాటి కాగుతున్నది, ఆ కరెంటు పలు రాష్ట్రాలకు పోతున్నది. నలభై లీటర్ల నీళ్ళను పది నిమిషాలు అరవై దగ్గర నిలపడం మాత్రం మన చేతకావడం లేదు! ఏ రకానికి ఎంత వేడి అని జగిత్యాల పరిశోధనా కేంద్రం, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం పరీక్షించి ఒక పట్టీ వ్రాసి గోడకు అతికిస్తే, తుకం రోజుల్లో రైతు బస్తా తెచ్చి గంటలో తీసుకుపోతాడు.

ఇది ఎందుకు జరగలేదంటే, నా అభిప్రాయం ఒక్కటే. ఉడుకునీళ్ళను ఎవరూ పొట్లం కట్టి అమ్మలేరు. అమ్మలేని దానికి ఏజెంటు ఉండడు, గోడ మీద రంగుల బొమ్మ ఉండదు. కంపెనీ విత్తనం ముందే మందు పట్టించి, ఎర్ర రంగు పూసి వస్తుంది. దాన్ని ఉడుకునీళ్ళలో ముంచడం అర్థంలేని పని. హైబ్రిడ్ గింజను మళ్ళీ విత్తనానికి నిలుపుకుంటే అది మొదటిలా పండదు. కాబట్టి ఈ శుద్ధి అవసరమయ్యేది సొంత విత్తనం దాచుకునే రైతుకే. ఆ రైతు ప్రతి ఏడూ తగ్గిపోతున్నాడు. హైబ్రిడ్లు వద్దని నేను అనడం లేదు. ఆ పొలాల్లో తాడు లాగిన కూలి డబ్బులతోనే నా మొదటి సంవత్సరం పుస్తకాలు కొన్నాను. కాని దాచుకునేవాడు దాచుకోగలగాలి, దాచిన దానిలో రోగం లేకుండా చూసుకునే దారి అతనికి దుకాణం బయట కూడా ఉండాలి.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక్క మాట. ప్రతి ఏడూ ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు పోయి రోడ్లు ఊడుస్తున్నాం, ఫోటోలు దిగుతున్నాం. మనం పోయిన వారానికి ఆ రోడ్డు మళ్ళీ మొదటిలాగే ఉంటుంది. ఈసారి క్యాంపును తుకం రోజులకు మార్చి, చీపుళ్ళకు బదులు పది స్పిరిటు థర్మామీటర్లు పట్టుకొని పోదాం. ముందు నూరు గింజల పరీక్ష, తర్వాతనే బస్తా. మొదటి రోజు ఎవరికైనా అనుమానం వస్తే నన్ను చూపించండి, ఉడికించిన విత్తనం ఎలా ఉంటుందో నేను చెబుతాను.

మొన్న ఫోను చేస్తే బాపు పొలం సంగతులన్నీ చెప్పి, పెట్టేసేముందు అడిగాడు: "మల్ల తుకం దినాలు దగ్గరికొస్తున్నయి. ఆ ఎర్ర నీళ్ళ కడ్డీ తెస్తవా, పొడి తెప్పియ్యాల్నా?"

తెస్తానని చెప్పాను. ల్యాబ్ అసిస్టెంటు గారిని ఇంకా అడగలేదు.